పోస్టర్ సార్ కన్నీళ్లు

వెల్డింగ్ షాపులోకి వచ్చేవాళ్లు ఏం వేసుకోవాలో, ఏం చూడకూడదో తలుపు పక్కన గోడ మీద ఎర్ర రంగుతో పెద్దపెద్ద అక్షరాల్లో రాసి ఉండేది. ఉండేది అనడం ఎందుకంటే, మన కథానాయకుడు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే సరిగ్గా ఆ రాత మీద తన పోస్టర్ అంటించేశాడు. పోస్టర్‌లో ఓ సూర్యాస్తమయం, దాని ముందు ఓ డేగ, కింద ‘కల కను, రెక్క విప్పు’ అని ఓ మాట. పైపులు బిగించడం, వైర్లు కలపడం నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు రెక్కలు విప్పి ఎటు పోవాలో మాత్రం అందులో లేదు.

అది చేతిపనులు నేర్పే సాంకేతిక శిక్షణ కాలేజీ. ఎలక్ట్రికల్, ప్లంబింగ్, కుట్టుపని, వెల్డింగ్, అన్నీ ఉన్నాయి. చేరినవాళ్లు మధ్యలోనే మానేస్తున్నారని పైవాళ్లు గోల పెడితే, పిల్లలకి అండగా ఉండటానికని స్టూడెంట్ సపోర్ట్ ఆఫీసర్ అనే పోస్టు ఒకటి పుట్టించారు. అందులోకి ఊడిపడ్డవాడే మనవాడు. చదువు పెద్దది, చొక్కా ఇస్త్రీది, మాట ఆగనిది. పిల్లలు ఎందుకు మానేస్తున్నారో అతను ఒక్కర్ని కూడా అడగలేదు. అడక్కుండానే తెలిసిపోయింది. వాళ్లలో మోటివేషన్ తక్కువ! అందుకే గోడగోడకీ పోస్టర్లు. పిల్లలు అతనికి ‘పోస్టర్ సార్’ అని పేరు పెడితే, అది మెచ్చుకోలనుకుని పొంగిపోయాడు కూడా.

ఆ రోజు అతను వెల్డింగ్ పిల్లల్ని తన సెషన్‌కి తోలుకుపోదామని షాపులోకి వచ్చాడు.

లోపల పిల్లలంతా నల్లద్దాల షీల్డులు మొహాలకి అడ్డం పెట్టుకుని గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో తోలు ఏప్రన్, తోలు గ్లవ్స్, తలకి హెల్మెట్ తగిలించుకున్న మనిషి ఒంగి రెండు ఇనప పలకల్ని అతుకుతోంది. నీలంగా, తెల్లగా వెలుగు చిమ్ముతోంది. ఆ నల్లద్దం వెనక నుంచి చూస్తే నిప్పు తప్ప ఇంకేం కనపడదు కాబట్టి, పోస్టర్ సార్ వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు.

అతను మాత్రం ఉత్త కళ్లతో అలాగే చూస్తూ నిలబడిపోయాడు. ఆ చెయ్యి కదలడంలో ఏదో ఉంది. వణుకు లేదు, తొందర లేదు, తడబాటు లేదు. అతుకు వేసే రాడ్డు ఒకటి కాలిపోయింది. ఆ చెయ్యి ఇంకో రాడ్డు తగిలించుకుంది. అదీ అయిపోయింది. అయినా మనవాడు చూపు తిప్పుకోలేదు.

వెలుగు ఆగాక గొంతు సవరించుకున్నాడు. “బ్రదర్, ఇన్‌స్ట్రక్టర్ గారెక్కడ?”

హెల్మెట్ పైకి లేచింది. లోపల చెమటతో మెరుస్తున్న మొహం, నుదుటికి అంటుకుపోయిన జుట్టు, బుగ్గ మీద మసి. ఆడమనిషి. అందులోనూ, చూడగానే నోటమాట పడిపోయేలాంటి ఆడమనిషి.

“బ్రదర్ ఇక్కడే ఉంది. ఏం కావాలో చెప్పండి,” అందామె.

పిల్లలు కిసుక్కుమన్నారు. పోస్టర్ సార్ నీళ్లు నమిలాడు. “అదీ... పిల్లల్ని తీసుకెళ్లాలి. మోటివేషన్ సెషన్.”

“క్లాస్ మధ్యలోనా?”

“కలలకి టైమ్ టేబుల్ ఉండదండీ.”

“నా క్లాసుకుంది. అయినా మీరెంతసేపటి నుంచి చూస్తున్నారు?”

దొరికిపోయాననుకున్నాడు. “అబ్బే, ఇప్పుడే. అంటే... కాసేపే. రెండు రాడ్లు.”

ఆమె అతని కళ్లలోకి జాలిగా చూసింది. “షీల్డు లేకుండా రెండు రాడ్లు చూశారా! తెల్లారేసరికి మీకే తెలుస్తుంది లెండి. కళ్లు మాత్రం నలుపుకోకండి.”

అంత చదువు చదివిన మనిషి ఆ మాటకి అర్థం ఏం చేసుకున్నాడంటే, ఆ అమ్మాయి తనని రాత్రంతా నిద్రపోనివ్వనని సరదాగా బెదిరించిందని. ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

తెల్లవారుజామున లేచేసరికి కళ్లలో ఎవరో గుప్పెడు ఇసక పోసినట్టుంది. రెప్ప తెరిస్తే మంట, మూస్తే గరగర. నీళ్లు ధారగా కారిపోతున్నాయి. ముక్కు ఎర్రబడింది. వాళ్లమ్మ లైటు వేసింది. అతను కెవ్వుమన్నాడు.

ఆవిడ మంచం మీద కూర్చుని, చాలా నిదానంగా అడిగింది. “ఎవర్రా ఆ పిల్ల?”

“ఏ పిల్లా లేదమ్మా! కళ్లలో ఇసక పడినట్టుంది.”

“తలుపులేసుకుని పడుకున్నవాడి కళ్లలోకి ఇసక ఎట్లా వస్తుందిరా? దాచకు. మీ నాన్న కూడా ఇట్లాగే ఏడ్చేవాడు.”

“నీ కోసమా?”

“పెళ్లయ్యాక. ఎవరికోసమో నేనడగలేదు.”

ఆ రోజు సెలవు పెట్టే వీల్లేదు. కాలేజీ కమిటీవాళ్లు వస్తున్నారు, పోస్టర్ సార్ మాట్లాడాలి. విషయం, ‘ఒత్తిడిని నవ్వుతూ ఎదుర్కోవడం ఎలా?’

వేదిక ఎక్కాడు. లైట్లు నేరుగా మొహాన కొట్టాయి. “ప్రియమైన విద్యార్థులారా,” అన్నాడో లేదో రెండు కళ్లూ చెరువులయ్యాయి. తుడుచుకున్నాడు, ఇంకా కారాయి. “మీ కష్టాలు నాకు తెలుసు,” అన్నాడు, వెక్కిళ్లు కూడా వచ్చాయి. కుట్టుపని పిల్లల్లో ముక్కులు ఎగబీల్చడం మొదలైంది. ఎలక్ట్రికల్ పిల్లలు తలలు దించుకున్నారు. తమ కోసం ఒక ఆఫీసర్ ఏడవడం వాళ్లు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు మరి. కమిటీ పెద్దాయన జేబురుమాలు తీశాడు. అది చూసి ప్రిన్సిపాల్ కూడా తీశాడు. ఆయన ఎప్పుడూ పెద్దాయన ఏం తీస్తే అదే తీస్తాడు.

వెనక వరసలో వెల్డింగ్ పిల్లల భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పాపం, ఎంత కుమిలిపోతున్నారో అనుకున్నారు అందరూ. నిజానికి వాళ్లు నవ్వాపుకోలేక చచ్చిపోతున్నారు. ఆ పనిలోకి వచ్చిన ప్రతివాడూ మొదట్లో ఒకసారి ఇలాగే ఏడ్చినవాడే.

సభ అయ్యాక వెల్డింగ్ మేడమ్ అతని గదికి వచ్చింది. తడిగుడ్డ చేతిలో పెట్టింది. “కళ్ల మీద వేసుకుని చీకట్లో పడుకోండి. రెండ్రోజుల్లో అదే పోతుంది. తగ్గకపోతే డాక్టర్ దగ్గరికెళ్లండి.”

“థాంక్సండీ.”

“వెల్డింగ్ వెలుగు చూసి కళ్లు కాల్చుకున్నారని అందరికీ చెప్పేద్దామా?”

“ఇప్పుడా?” గుడ్డ కింద నుంచే కంగారుపడ్డాడు. “ప్రిన్సిపాల్ గారు నాతో ఫొటో దిగారండీ. పెద్దాయన నన్ను కావలించుకున్నారు.”

ఆమె పకపకా నవ్వింది. “సరే, మీ కన్నీళ్లు మీ ఇష్టం. నేను నోరు విప్పను. కానీ మా తలుపు పక్కన ఆ డేగని పీకేయండి. దాని కింద ఏం రాసుందో చదివుంటే మీకీ గతి పట్టేది కాదు.”

అతను కళ్లు కుదుటపడ్డ రోజునే స్వయంగా వెళ్లి ఆ డేగని పీకాడు. కింద రాసింది చదివాడు. చదివి, అటూ ఇటూ చూసి, ఎవరూ చూడలేదనుకున్నాడు. కిటికీలోంచి ఆమె చూస్తూనే ఉంది.

అప్పట్నుంచి పోస్టర్ సార్ కాళ్లు నేల మీద నిలవలేదు. ఇన్నాళ్లూ ఈగలు తోలుకున్న అతని గది ముందు ఇప్పుడు పిల్లలు బారులు తీరారు. మా కోసం ఏడ్చిన సార్ కదా అని ఆశగా వచ్చారు. ఆయనేమో వాళ్ల మాట సగంలో ఉండగానే తన ఉపన్యాసం అందుకునేవాడు.

“సార్, లెక్కలు రావట్లేదు. పైపు కొలతలు తప్పుతున్నాను,” అన్నాడు ప్లంబింగ్ కుర్రాడు.

“నిన్ను నువ్వు నమ్ము.”

“నమ్మే కోశాను సార్. పైపు పొట్టిదైపోయింది.”

ఇంకొకతను బస్సు ఆలస్యమై రోజూ మొదటి క్లాసు పోతోందన్నాడు. దీర్ఘంగా ఊపిరి పీల్చమని సలహా దొరికింది. ఊపిరి పీలిస్తే బస్సు వస్తుందా అని అతను పాపం అడగలేదు. మర్యాదస్తుడు.

రోజుకోసారి పోస్టర్ సార్ ఏదో ఒక వంకతో వెల్డింగ్ షాపుకి వెళ్లేవాడు. ఈసారి షీల్డు పట్టుకుని మరీ.

“ఇవాళేం పని?” అనేదామె.

“ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూద్దామని.”

“నిన్న చూశారుగా.”

“నిన్నటి ఫ్యాన్లు వేరు.”

ఆమె పెదవి బిగపట్టేది. కళ్లు మాత్రం నవ్వేసేవి. ఆ నవ్వు కోసం అతను ఊళ్లో ఉన్న ఫ్యాన్లన్నీ లెక్కపెట్టి రావడానికైనా సిద్ధమే. ప్రేమలో పడ్డ సంగతి అతనికి తప్ప వెల్డింగ్ సెక్షన్ మొత్తానికీ తెలుసు.

ఒకరోజు మాటల్లో ఆమె ఒక స్టూడెంట్‌ని చూపించింది. అందరూ ‘కోడలు’ అని పిలిచే పిల్ల. పెళ్లయ్యాక వచ్చి చేరింది. “నా క్లాసులో అంత నిలకడైన చెయ్యి ఇంకెవరికీ లేదు. సోమవారం ప్రాక్టికల్ పరీక్ష. పాసయితే ఫ్యాక్టరీవాళ్లు వెంటనే తీసుకుంటారు. తప్పితే మళ్లీ ఏడాదిదాకా పరీక్ష లేదు, ఆ ఉద్యోగమూ ఉండదు,” అంది గర్వంగా.

మేడమ్ మెచ్చిన పిల్ల! మనవాడి బుర్రలో బల్బు వెలిగింది. ఆ మధ్యాహ్నమే ఫోన్‌తో కోడలు ఫొటో తీశాడు. హెల్మెట్ పైకెత్తి, మసి మొహంతో, నవ్వుతూ. తెల్లారేసరికి కాలేజీ గేటు మీద ఇంటి ఎత్తు బ్యానర్ లేచింది. ‘నిప్పులో పూసిన పువ్వు! మా ఆడపిల్ల, మా గర్వం!’ మేడమ్ చూసి మురిసిపోతుంది, మురిసిపోయి ఏమంటుందో ఊహించుకుంటూ గేటు దగ్గరే నిలబడ్డాడు.

మేడమ్ వచ్చింది. తలెత్తి చూసింది. ఆమె మొహంలో రక్తం లేదు.

“ఆ అమ్మాయిని అడిగారా?”

“సర్‌ప్రైజ్ ఇద్దామని...”

“ఇచ్చారు. వాళ్లత్తగారికి! కుట్టుపని నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పి వస్తోందా పిల్ల. వాళ్లత్త రోజూ ఈ గేటు ముందు నుంచే మార్కెట్‌కి వెళ్తుంది. ఇవాళ కోడలు రాలేదు. ఇక రాదట. ఇందాకే ఫోన్ చేసి ఏడ్చింది. నిజం ఏడుపు!”

ఆ ‘నిజం’ అన్న మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. అయినా అతనిలోని ఆఫీసర్ ఇంకా చావలేదు. “మీరైనా ముందే చెప్పాల్సింది కదండీ.”

“చెప్పాలా? మీరు ఎప్పుడైనా ఎవర్నైనా ఏదైనా అడిగారా? మీ గదికి వచ్చిన పిల్లల్లో ఒక్కడినైనా పూర్తిగా మాట్లాడనిచ్చారా? మీ నోరు మూతపడితే కదా ఎదుటివాళ్ల నోరు తెరుచుకునేది! సపోర్ట్ ఆఫీసరట! మీరు రాకముందు ఆ పిల్లకి ఏ సపోర్టూ లేదు, హాయిగా చదువుకుంది.”

గేటు దగ్గర పిల్లలంతా వింటున్నారు. ఆమె ఎవర్నీ పట్టించుకోకుండా లోపలికి వెళ్లిపోయింది.

వాన మొదలైంది. వాచ్‌మన్ దగ్గర నిచ్చెన అడిగి, అతను తనే ఎక్కి, తాళ్లు విప్పి బ్యానర్ దింపాడు. ఇస్త్రీ చొక్కా ముద్దయిపోయింది. ప్రిన్సిపాల్ పరిగెత్తుకొచ్చి, పెద్దాయన ఇంకా చూడలేదు, అప్పుడే ఎందుకు దింపుతున్నావయ్యా అని గోల పెట్టాడు. అతను వినిపించుకోలేదు.

సాయంత్రం వెల్డింగ్ షాపు మూసే వేళకి తలుపు దగ్గర నిలబడ్డాడు. “వాళ్లింటికి వెళ్దామనుకుంటున్నాను. మీరొస్తారా?”

ఆమె తలుపుకి తాళం వేస్తూ ఆగింది. అతను ప్రశ్న అడగడం వినడం ఆమెకి కొత్త.

“ఏం మాట్లాడతారక్కడ?”

“తెలీదు.”

“అయితే వస్తాను,” అందామె.

వాన తగ్గలేదు. గొడుగు ఒకటే ఉంది, అది ఆమెది. ఆమె పట్టుకుంది, అతను సగం తడుస్తూ పక్కన నడిచాడు. ఇంకా కొంచెం జరగమని ఆమె అనలేదు. అంటుందేమోనని వీధి చివరిదాకా ఎదురుచూశాడు, సిగ్గు లేకుండా.

కోడలి ఇల్లు రెండు గదులు. ముందు గదిలో కొత్త కుట్టుమిషన్, దాని మీద ఉతికిన గుడ్డ కప్పి ఉంది. అత్తగారు దాని పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. కొడుకు లారీ డ్రైవరు, ఊళ్లు పట్టుకు తిరుగుతుంటాడు. ఇంట్లో ఈ ఇద్దరు ఆడవాళ్లే. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, కళ్లు ఉబ్బిపోయి.

“మేం కాలేజీ నుంచి వచ్చామండీ,” అన్నాడు పోస్టర్ సార్. పాత అలవాటు తన్నుకొచ్చింది. “చూడండమ్మా, నేటి మహిళ అన్ని రంగాల్లోనూ...”

“బాబూ, ఏదైనా చూసి చదువుతున్నావా?” అంది అత్తగారు.

అతను ఆగిపోయాడు. ఓ క్షణం, ఏడిస్తే పనవుతుందేమోనని పాడుబుద్ధి పుట్టింది. కళ్లు గట్టిగా మూసి తెరిచాడు. చుక్క రాలేదు. పక్కన మేడమ్ అంతా గమనిస్తోంది. సిగ్గుతో చచ్చిపోయి, ఆ ప్రయత్నం మానేసి, నేల మీద కూలబడ్డట్టు కూర్చున్నాడు.

“మీ కోపం ఎందుకో చెప్పండమ్మా. వింటాను.”

అత్తగారు అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత కుట్టుమిషన్ వైపు చెయ్యి చూపించింది. “ఇది మా అక్కని బతిమాలి, డబ్బులు తెచ్చి కొన్నాను. కోడలు పని నేర్చుకుని వస్తుంది, మీ అందరికీ బట్టలు కుట్టిపెడుతుందని వీధంతా చెప్పుకున్నాను. ఇవాళ మార్కెట్‌కెళ్తుంటే గేటు మీద నా కోడలు, మొహమంతా మసి! పక్కనున్నావిడ అడిగింది, మీ కోడలు కదూ, నీకు తెలీదా అని. నాకు తెలీదు! ఊరందరికీ తెలిసింది నాకు తెలీదు. ఒక్క ఇంట్లో ఉంటూ నన్ను ఒక్క మాట అడగలేదు.”

“అడిగితే ఒప్పుకునేవాళ్లా అత్తయ్యా?” గుమ్మంలోంచి అంది కోడలు.

“అడిగి చూడకపోయావా?”

“ఇప్పుడు అడుగుతున్నాను. వెల్డింగ్ నేర్చుకోనా? సోమవారం పరీక్ష రాయనా?”

“వద్దు!”

అందరి మొహాలూ మాడిపోయాయి. కోడలు గిరుక్కున లోపలికి తిరిగింది. వెల్డింగ్ మేడమ్ ఏదో అనబోయింది. అంతలో పోస్టర్ సార్ ఇంకో ప్రశ్న అడిగాడు. “ఎందుకొద్దమ్మా?”

“కళ్లు పోతాయి,” అంది అత్తగారు. ఈసారి గొంతులో కోపం లేదు. “గేట్లు అతికేవాళ్లని చూడనా ఏంటి! ఎర్రటి కళ్లు, నీళ్లు కారుకుంటూ. నా కొడుకు రాత్రనకా పగలనకా రోడ్ల మీద తిరుగుతాడు. వాడి గురించి భయం చాలు నాకు. ఈ పిల్ల కళ్ల గురించి కూడా నేనేడవాలా?”

పోస్టర్ సార్ మేడమ్ వైపు చూశాడు. ఆమె నోరు విప్పనని మాటిచ్చింది, విప్పలేదు. చెప్పాల్సింది అతనే. చెబితే హాలులో తను మూటగట్టుకున్న గొప్పంతా గంగలో కలుస్తుంది. గుమ్మం అవతల వెక్కిళ్లు వినిపిస్తున్నాయి.

“కళ్లు పోవమ్మా. షీల్డు పెట్టుకుంటే కళ్లకి ఏమీ కాదు. పెట్టుకోకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ బుద్ధితక్కువ పని నేనే చేశాను. ఉత్త కళ్లతో చూస్తూ నిలబడ్డాను. మర్నాడు సభలో కళ్లు మండి నీళ్లు కారుతుంటే, పిల్లల కోసం ఏడుస్తున్నాననుకుని అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాదనలేదు. పిల్లల కోసం నేను ఏనాడూ ఏడవలేదమ్మా. ఇవాళ మీ కోడలి బ్యానర్ కట్టింది కూడా నేనే. ఆ పిల్లని అడక్కుండా కట్టాను. మీరు తిట్టాల్సింది నన్ను, తనని కాదు.”

గుమ్మంలోకి కోడలు మళ్లీ వచ్చింది.

అత్తగారు అతని కళ్లలోకి ఒంగి చూసింది. “ఇప్పుడు బాగానే కనపడుతున్నాయా?”

“రెండ్రోజుల్లో తగ్గిపోయింది.”

“అంత చదువుకున్నవాడివి, అక్కడ అంతసేపు ఏం చూశావయ్యా?”

“ఆవిడ చేతులు చూస్తున్నానమ్మా,” అన్నాడు పోస్టర్ సార్. అని నాలుక్కరుచుకున్నాడు.

అత్తగారు మేడమ్ వైపు తిరిగింది. మేడమ్ చటుక్కున కుట్టుమిషన్ మీది గుడ్డ అంచులు సర్దడంలో మునిగిపోయింది. అది చక్కగానే ఉంది. బుగ్గలు మాత్రం ఎర్రగా కాలుతున్నాయి.

అత్తగారు పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ చేతికందిన తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంది. “సరే. రేపు నేనే వస్తాను. ఆ అద్దమేంటో, ఆ నిప్పేంటో చూస్తాను. చూశాకే చెప్తాను. ఇదుగో పిల్లా, నువ్వు అక్కడ గుమ్మం మోసింది చాలు. వీళ్లకి తాగడానికేమైనా ఇయ్యి.”

మర్నాడు అత్తగారు వెల్డింగ్ షాపుకొచ్చింది. షీల్డు మొహానికి పెట్టుకుని, కోడలు రెండు పలకల్ని అతుకుతుంటే మొదట్నుంచి చివరిదాకా కదలకుండా చూసింది. చల్లారాక అతుకు మీద వేలితో రాసి చూసింది. “సందు లేదే,” అంది. కాసేపటికి, “మా వంటింటి కిటికీ ఊచ ఊడిపోయి ఏడాదైంది. ఇంట్లో ఇంత పనితనం పెట్టుకుని చెప్పలేదు చూడు!” అని కోడలి మీద మళ్లీ కోప్పడింది. సోమవారం పరీక్షకి ఆవిడే దగ్గరుండి తీసుకొచ్చింది. పరీక్ష పెట్టడానికి వచ్చినాయన కోడలు అతికిన ముక్కని సుత్తితో కొట్టాడు, వంచాడు, తిప్పి చూశాడు. అది విరగలేదు. ఫ్యాక్టరీవాళ్లు ఆ వారమే రమ్మన్నారు.

ప్రిన్సిపాల్‌కి వెంటనే గొప్ప ఆలోచన వచ్చింది. అత్తాకోడళ్ల ఫొటోతో గేటు మీద ఈసారి రెండిళ్ల ఎత్తు బ్యానర్! పోస్టర్ సార్ నమ్రతగా, “వాళ్లనడిగి రండి సార్,” అన్నాడు. ప్రిన్సిపాల్ వెళ్లాడు. అత్తగారు ఏం చెప్పిందో బయటికి రాలేదు కానీ ఆయన రెండ్రోజులు బ్యానర్ మాటెత్తలేదు.

తన కన్నీళ్ల సంగతి అతను పిల్లలందరి ముందూ చెప్పేశాడు. సంస్థ ప్రతిష్ఠ, పెద్దాయన కౌగిలింత ఏం కావాలని ప్రిన్సిపాల్ తల బాదుకున్నాడు. పిల్లలు మాత్రం నవ్వారు. ఓ వారం అతని గదికి ఒక్కరూ రాలేదు. తర్వాత ప్లంబింగ్ కుర్రాడు తలుపు తోసుకుని వచ్చి, “సార్, పైపు ఇంకా పొట్టిదే అవుతోంది,” అన్నాడు. పోస్టర్ సార్ ఉపన్యాసం మింగేసి, “ఎక్కడ తప్పుతోంది, కొలిచి చూపించు,” అన్నాడు. సాయంత్రాలు లెక్కలు చెప్పడానికి మనిషి దొరికాడు. మొదటి క్లాసు బస్సు వచ్చాక మొదలయ్యేలా గంట మారింది. అవి పోస్టర్‌లో వేయడానికి పనికొచ్చే విషయాలు కావు, అందుకే కమిటీవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. మానేసేవాళ్లు మాత్రం తగ్గారు.

ఇంట్లో వాళ్లమ్మ ఊరుకోలేదు. “ఆ పిల్లెవరో చెప్తావా, నేనే కాలేజీకి రానా?” అని పీకల మీద కూర్చుంది. చివరికి ఒక సాయంత్రం మనవాడు వెల్డింగ్ షాపుకి వెళ్లాడు. పిల్లలు వెళ్లిపోయారు. ఆమె ఒక్కతే బల్ల మీద పనిముట్లు సర్దుతోంది.

“మీ నాన్నగారి ఫోన్ నంబర్ కావాలి,” అన్నాడు.

“ఎందుకు?”

“మా అమ్మ మాట్లాడుతుందట.”

“దేని గురించి?”

“మన గురించి.”

ఆమె చేతిలో సుత్తి ఆగింది. “మన గురించి మీ అమ్మగారికి తెలుసు. మా నాన్నకి తెలియబోతోంది. మా పిల్లలకి ఎప్పుడో తెలుసు. నాకెవరు చెప్తారు? నా పెళ్లిచూపులకి ఇదివరకు ముగ్గురొచ్చారు. ముగ్గురూ మా నాన్నతోనే మాట్లాడారు. పెళ్లయ్యాక ఈ నిప్పుల పని మానేసి ఆఫీసులో కూర్చుంటుంది కదూ అని ఆయన్నే అడిగారు. ఎదురుగా నేను కూర్చునే ఉన్నాను!”

అతను నంబర్ సంగతి వదిలేశాడు. బల్ల దగ్గరికి వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

“మీరు ఈ పని మానకుండా, నన్ను పెళ్లి చేసుకుంటారా?”

ఆమె సుత్తి దాని చోట పెట్టింది. గ్లవ్స్ ఒకదాని మీద ఒకటి పెట్టింది. మెయిన్ స్విచ్ ఆపింది. నచ్చచెప్పడానికి అతనికి పది మాటలు గొంతుదాకా వచ్చాయి. అన్నీ మింగేశాడు.

“చేసుకుంటాను,” అందామె.

“ఆ?”

“చేసుకుంటానన్నాను. రెండుసార్లు చెప్పే అలవాటు నాకు లేదు, ఇవాళ చెప్పాను.”

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ఊహూ.

“ఏమైనా అనండి మరి,” అంది నవ్వుతూ.

అతను తల అడ్డంగా ఊపాడు.

“హమ్మయ్య,” అని ఆమె వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.